బ్యాటరీ మార్చే పని లేని సెన్సర్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

గోడకు అతికించి మరచిపోగలిగే సెన్సర్ తయారు చేయాలనుకునేవారు నన్ను అడిగే సందేహాలు ఏళ్ళుగా దాదాపు ఇవే. ఎవరికి వారికి విడిగా రాస్తూ వచ్చిన జవాబులను ఇక్కడ ఒకచోట చేర్చాను. ప్రతి జవాబు దానికదే పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళవచ్చు.

## మొదలుపెట్టే ముందు

శక్తి సేకరణ అంటే సోలార్ ప్యానెల్ పెట్టుకోవడమేనా?

సోలార్ అందులో ఒక దారి మాత్రమే. చుట్టూ ఉన్న వెలుతురు, వేడి, కదలిక, రేడియో తరంగాలు, వీటిలో దేని నుంచైనా కొద్దిపాటి విద్యుత్తు తీసుకుని పరికరం తన పని తాను చేసుకుంటే అది శక్తి సేకరణే. ఇంటి పైకప్పు మీద ప్యానెళ్ళ లెక్క కిలోవాట్లలో ఉంటుంది, మన లెక్క మైక్రోవాట్లలో. రెండింటికీ మధ్య వంద కోట్ల రెట్ల తేడా. అందుకే అక్కడి అనుభవం ఇక్కడ పెద్దగా పనికిరాదు.

ఆలోచన పాతదే. బ్యాటరీ ఏదీ లేకుండా ప్రసార తరంగాల శక్తితోనే హెడ్‌ఫోనులో మాట వినిపించిన క్రిస్టల్ రేడియో చేసింది ఇదే. చేతి ఊపుతో తనకు తానే కీ ఇచ్చుకునే గడియారాలు 18వ శతాబ్దం నాటికే వచ్చాయి. సోలార్ కాలిక్యులేటర్లు 1970ల చివర్లో వచ్చాయి. గది వెలుతురు అప్పుడెంతో ఇప్పుడూ అంతే. మారిందల్లా పరికరాల ఆకలి. నిద్రలో ఒక మైక్రోఆంపియర్‌తో సరిపెట్టుకునే మైక్రోకంట్రోలర్లు మామూలు వస్తువులయ్యాక, ఒకప్పుడు కాలిక్యులేటర్‌కు మాత్రమే చాలిన వెలుతురు ఇప్పుడు రేడియో ఉన్న సెన్సర్‌కూ చాలుతోంది.

బటన్ సెల్‌తోనే పదేళ్ళు నడిచేటప్పుడు ఇంత శ్రమ ఎందుకు?

నడిచేటట్లయితే నిజంగానే అక్కర లేదు. నా దగ్గరికి వచ్చేవారిలో చాలామందికి నేను చెప్పే మొదటి మాట ఇదే. సీఆర్2032 బటన్ సెల్‌లో సుమారు 225 మిల్లీఆంపియర్-గంటలు ఉంటాయి. పదేళ్ళంటే 87,600 గంటలు. భాగిస్తే సగటున రెండున్నర మైక్రోఆంపియర్లు. మీ పరికరం సగటు వాడకం దీనికన్నా బాగా తక్కువైతే బటన్ సెల్ పెట్టి హాయిగా ఉండండి.

శక్తి సేకరణకు విలువ వచ్చే సందర్భాలు వేరు. సెన్సర్లు వేలల్లో ఉండి, బ్యాటరీ ధర కన్నా దాన్ని మార్చే మనిషి ఖర్చే ఎక్కువయ్యేచోట. తిరిగే ఇరుసు మీద, కాంక్రీటు లోపల, ఎత్తైన స్తంభం మీద, అంటే చెయ్యి చేరనిచోట. బ్యాటరీ తట్టుకోలేని వేడిలో. లేదా కొలతలు తరచుగా తీయవలసి వచ్చి బటన్ సెల్ ఏడాది కూడా రానిచోట.

నా పరికరం ఎంత విద్యుత్తు తింటుందో ముందుగా ఎలా తెలుసుకోవాలి?

ఒక రోజు ఖర్చును జౌళ్ళలో రాసుకోండి. ఇంటి పద్దు రాసినట్లే. సగటు కరెంటు కన్నా ఈ లెక్క త్వరగా బోధపడుతుంది.

ఐదు నిమిషాలకొకసారి ఉష్ణోగ్రత, తేమ కొలిచి పంపే సెన్సర్‌ను తీసుకుందాం. నిద్రలో 1.5 మైక్రోఆంపియర్లు, 3 వోల్టులు, అంటే 4.5 మైక్రోవాట్లు. రోజుకు 86,400 సెకన్లు కాబట్టి నిద్ర ఖర్చు సుమారు 0.39 జౌళ్ళు. ఇక మెలకువ సంగతి. ఒకసారి కొలిచి, తక్కువ విద్యుత్తుతో నడిచే బ్లూటూత్ రకమైన ‘బ్లూటూత్ లో ఎనర్జీ’తో ఒక చిన్న సందేశం పంపడానికి 150 మైక్రోజౌళ్ళు అనుకుంటే, రోజుకు 288 సార్లకు 0.04 జౌళ్ళు. అంటే పనికన్నా నిద్రకే తొమ్మిది రెట్లు ఎక్కువ ఖర్చు!

అదే సందేశాన్ని కిలోమీటర్ల దూరం వెళ్ళే రేడియో పద్ధతి అయిన లోరాలో పంపితే పద్దు తలకిందులవుతుంది. పది బైట్ల సందేశానికి అత్యంత వేగమైన అమరికలో సుమారు 60 మిల్లీసెకన్లు పడుతుంది. ప్రసారంలో 40 మిల్లీఆంపియర్లు అనుకుంటే ఒక్కో సందేశానికి 7 మిల్లీజౌళ్ళు, రోజుకు 2 జౌళ్ళు. అత్యంత దూరం వెళ్ళే అమరికలో అదే సందేశం ఒకటిన్నర సెకను పడుతుంది. రోజుకు దాదాపు 52 జౌళ్ళు. సెన్సర్ అదే, కొలత అదే, సందేశం అదే. ఖర్చు మాత్రం వంద రెట్లకు పైగా మారిపోయింది. ఈ లెక్క కాగితం మీద వేయకుండా సోలార్ సెల్ సైజు అడిగేవారికి నేను జవాబు చెప్పలేను.

## శక్తిని ఎక్కడి నుంచి తీసుకోవాలి

గదిలో వెలుతురు బాగానే ఉంది కదా, ఆ సెల్ ఎందుకు చాలడం లేదు?

ఈ విషయంలో కన్ను మనల్ని నిలువునా మోసం చేస్తుంది. మధ్యాహ్నపు ఎండ సుమారు లక్ష లక్సులు. బాగా వెలుతురున్న పని బల్ల మీద 500 లక్సులు. వరండాలో 100 ఉండవచ్చు. కన్ను తనను తాను సర్దుకుంటుంది కాబట్టి మనకు ఆ తేడా రెండు వందల రెట్లని తోచదు. సెల్‌కు ఆ సర్దుబాటు లేదు.

ఎండలో ఒక చదరపు సెంటీమీటరు మీద పడే శక్తి సుమారు 100 మిల్లీవాట్లు. మంచి సిలికాన్ సెల్ అందులో 15 నుంచి 20 మిల్లీవాట్లు ఇస్తుంది. గదిలో 200 లక్సుల దగ్గర, కాలిక్యులేటర్లలో వాడే అమార్ఫస్ సిలికాన్ సెల్ చదరపు సెంటీమీటరుకు ఇచ్చేది సుమారు ఐదు మైక్రోవాట్లు. పది చదరపు సెంటీమీటర్ల సెల్, రోజుకు ఎనిమిది గంటల వెలుతురు అనుకుంటే 1.4 జౌళ్ళు చేతికి వస్తాయి. పొదుపైన బ్లూటూత్ సెన్సర్‌కు ఇది చాలు, కెమెరాకు చాలదు.

తోట దీపాల నుంచి తీసిన మామూలు స్ఫటిక సిలికాన్ సెల్‌ను గదిలో పెట్టి నిరాశపడినవారు చాలామంది. దానికి కారణాలు రెండు. మసక వెలుతురులో ఆ సెల్‌లోపలి లీకేజీయే రాబడిలో పెద్ద భాగాన్ని మింగేస్తుంది. పైగా అది కంటికి కనబడని ఎర్రని కాంతిని కూడా పట్టేలా ఉంటుంది, ఎల్ఈడీ దీపాల్లో ఆ కాంతి దాదాపు ఉండదు. గది కోసం గదికి చేసిన సెల్లే కొనండి. కొనే ముందు, సెన్సర్ పెట్టబోయే చోటనే, అది చూసే దిక్కుకే లక్స్ మీటర్ తిప్పి వారం రోజులు రాసుకోండి. కిటికీవైపు తిరిగిన గోడకు, కిటికీ ఉన్న గోడకు మధ్య ఎంత తేడా ఉంటుందో అప్పుడు తెలుస్తుంది.

ఒంటి వేడితో చేతి పట్టీ నడుస్తుందా?

నడుస్తుంది. సీకో సంస్థ 1998లో థర్మిక్ పేరుతో అలాంటి గడియారమే తెచ్చింది. రెండు వేర్వేరు పదార్థాల కూడళ్ళ మధ్య ఉష్ణోగ్రత తేడా ఉంటే వోల్టేజీ పుడుతుందని 1821లోనే సీబెక్ గమనించాడు.

చిక్కంతా ఆ తేడాను నిలబెట్టడంలో ఉంది. చర్మానికి, గాలికి మధ్య పది డిగ్రీలు ఉన్నా, అందులో ఎక్కువ భాగం చర్మం దగ్గర, పట్టీ బయటి గాలిపొరలో ఖర్చయిపోతుంది. పలుచటి మాడ్యూల్ రెండు ముఖాల మధ్య మిగిలేది ఒక డిగ్రీ, అటూ ఇటూ. 127 జతలున్న బిస్మత్ టెల్యురైడ్ మాడ్యూల్ డిగ్రీకి సుమారు 50 మిల్లీవోల్టులు ఇస్తుంది. అంత తక్కువ వోల్టేజీ నుంచి మొదలయ్యే కన్వర్టర్లు ఉన్నాయి. ఎల్‌టీసీ3108 అయితే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ తోడుతో 20 మిల్లీవోల్టుల దగ్గరే లేస్తుంది. అయినా ఒక డిగ్రీ తేడా నుంచి సిద్ధాంతరీత్యా దక్కేది ప్రవహించే వేడిలో 0.3 శాతమే. అందుకే చదరపు సెంటీమీటరుకు పదుల మైక్రోవాట్లకు మించి ఆశపడకండి. ఖరీదైన మాడ్యూల్ కన్నా, చల్లటి వైపు మంచి రెక్కల హీట్ సింక్ మీద పెట్టిన డబ్బు ఎక్కువ ఫలితమిస్తుంది. వేడి నీటి గొట్టం మీదైతే కథ వేరు, అక్కడ మిల్లీవాట్లు సులువుగా వస్తాయి.

మోటారు అదిరిపోతోంది కదా, ఆ కంపనంతో సెన్సర్ నడపవచ్చా?

నడపవచ్చు, పౌనఃపున్యం కుదిరితే. ఒత్తిడికి కొన్ని స్ఫటికాల్లో విద్యుదావేశం పుడుతుందని 1880లో క్యూరీ సోదరులు కనుగొన్నారు. అలాంటి పదార్థంతో చేసిన పీజో పలకను ఒక చివర బిగించి, రెండో చివర చిన్న బరువు అంటిస్తే అది తనకు ఇష్టమైన ఒక్క పౌనఃపున్యం దగ్గరే బాగా ఊగుతుంది. ఒకటి రెండు హెర్ట్జ్ పక్కకు జరిగితే రాబడి కుప్పకూలుతుంది.

50 హెర్ట్జ్ సరఫరా మీద నాలుగు ధ్రువాల మోటారు పేరుకు నిమిషానికి 1,500 చుట్లు, అంటే 25 హెర్ట్జ్. కాని లోడు పడితే అది 1,440 దాకా దిగుతుంది, అంటే 24 హెర్ట్జ్. 25కు శ్రుతి చేసిన పలక అక్కడ మౌనం వహిస్తుంది. కాబట్టి లోడు మీద నడుస్తున్న మోటారుకు యాక్సిలరోమీటర్ అంటించి, నిజంగా ఏ పౌనఃపున్యం దగ్గర కంపిస్తోందో చూశాకే హార్వెస్టర్, అంటే శక్తిని సేకరించే ఆ పలక, కొనండి. నాకు ఇష్టమైన చోటు మోటారు కాదు, ట్రాన్స్‌ఫార్మర్. దాని ఇనుప కోర్ సరఫరాకు సరిగ్గా రెట్టింపు, అంటే 100 హెర్ట్జ్ దగ్గర హోరుమంటుంది. లోడు మారినా ఆ శ్రుతి తప్పదు.

వైఫై తరంగాలతో ఫోను ఛార్జ్ చేసుకోవచ్చని వీడియోల్లో చూపిస్తున్నారు. నిజమేనా?

కాదు. 100 మిల్లీవాట్ల రౌటర్ నుంచి మూడు మీటర్ల దూరంలో, ఆపకుండా ప్రసారం చేస్తోందని అనుకున్నా, మామూలు యాంటెనాకు అందేది సుమారు ఒక మైక్రోవాట్. ఫోను ఛార్జింగ్‌కు ఐదు వాట్లు కావాలి, అంటే యాభై లక్షల రెట్లు. పైగా అంత బలహీనమైన సంకేతాన్ని డీసీగా మార్చేటప్పుడు డయోడ్లలోనే చాలావరకు పోతుంది.

రేడియో శక్తికి సరైన చోటు వేరే ఉంది. రీడరే శక్తిని పంపి, ట్యాగ్ జవాబు మాత్రమే ఇచ్చే ఆర్ఎఫ్ఐడీ అలాంటిది. ట్యాగ్ సొంతంగా ప్రసారం చేయదు, తన మీద పడిన తరంగాన్ని ప్రతిఫలించే తీరును మార్చి మాట చెబుతుంది. ఇదే పద్ధతిలో, టీవీ ప్రసారాలనే వాడుకుని రెండు బ్యాటరీ లేని పరికరాలు మాట్లాడుకోగలవని 2013లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు.

బ్యాటరీ లేని గోడ స్విచ్ ఎలా పనిచేస్తుంది?

వేలితో నొక్కినప్పుడు లోపలి చిన్న అయస్కాంతం తీగచుట్టలో చటుక్కున దిక్కు మారుతుంది. ఆ ఒక్క కదలికలో వంద మైక్రోజౌళ్ళకు పైగా పుడుతుంది. రెండు మూడు చిన్న రేడియో సందేశాలకు అది చాలు. సీమెన్స్ నుంచి 2001లో విడిగా వచ్చిన ఎన్‌ఓషన్ సంస్థ ఈ స్విచ్‌లకు పేరు తెచ్చింది. వాటి రేడియో పద్ధతి 2012లో అంతర్జాతీయ ప్రమాణం కూడా అయింది. ఈ రంగం మొత్తంలో నాకు అన్నిటికన్నా అందంగా కనిపించేది ఇదే. సందేశం పంపవలసిన క్షణమూ, శక్తి పుట్టే క్షణమూ ఒకటే. దాచుకోవలసిన పని లేదు, నిద్ర ఖర్చు లేదు, చీకటి రోజుల భయం లేదు. మీ పరికరంలోనూ అలాంటి కలయిక ఉందేమో, తలుపు తెరుచుకోవడమో, కవాటం తిరగడమో, ముందు వెతకండి.

ట్రైబోఎలక్ట్రిక్, అంటే రాపిడితో పుట్టే విద్యుత్తు గురించి చాలా వింటున్నాను. ఇప్పుడే వాడవచ్చా?

2012లో జార్జియా టెక్‌లో జోంగ్ లిన్ వాంగ్ బృందం మొదలుపెట్టిన ఈ దారి పరిశోధనగా ఎంతో ఆసక్తికరం. వందల వోల్టులు వస్తాయి, కరెంటు మాత్రం అతి స్వల్పం. పత్రాల్లో కనిపించే పెద్ద అంకెలు సాధారణంగా క్షణకాలపు గరిష్ఠాలు, సగటులు కావు. తేమ, అరుగుదల దాని పాత శత్రువులు. నేర్చుకోవడానికి చేయండి. అయిదేళ్ళు నిలవవలసిన పరికరంలో ఇప్పుడే పెట్టకండి.

## దాచుకోవడం

సూపర్ కెపాసిటర్ మేలా, రీఛార్జబుల్ బ్యాటరీ మేలా?

ఎంతకాలం చీకట్లో బతకాలి అన్న ప్రశ్నే దీన్ని తేలుస్తుంది. రాత్రి ఒక్కటే దాటాలంటే సూపర్ కెపాసిటర్, వారాలు దాటాలంటే బ్యాటరీ.

కెపాసిటర్‌లోని శక్తి కావాలంటే వోల్టేజీ వర్గాన్ని కెపాసిటెన్స్‌తో గుణించి సగం చేయాలి. ఒక ఫారడ్ కెపాసిటర్ 2.7 వోల్టుల నుంచి 1.8కి దిగేలోగా మనకు దక్కేది 2 జౌళ్ళు. రోజుకు 0.43 జౌళ్ళు తినే సెన్సర్‌కు కాగితం మీద నాలుగున్నర రోజులు రావాలి. నిజంలో రాదు, ఎందుకంటే కెపాసిటర్ కూడా కారుతుంది. అది ఐదు మైక్రోఆంపియర్లు కారితే రోజుకు ఒక జౌల్ పోతుంది, అంటే సెన్సర్ వాడకానికి రెట్టింపు. చిల్లు కుండలో నీళ్ళు పోసినట్లే. అందుకే సూపర్ కెపాసిటర్ కొనేటప్పుడు ఫారడ్లకన్నా ముందు లీకేజీ అంకె చూడండి. అదీ 72 గంటలు ఛార్జ్‌లో ఉంచాక కొలిచిందో లేదో చూడండి, మొదటి గంటల్లో కనబడేది ఇంకా ఎక్కువగా ఉంటుంది.

రెండింటికీ మధ్య రకం లిథియం-అయాన్ కెపాసిటర్. లీకేజీ చాలా తక్కువ. సాధారణంగా 3.8 నుంచి 2.2 వోల్టుల మధ్య వాడాలి, కింది హద్దు దాటి ఖాళీ చేస్తే పాడవుతుంది. మామూలు లిథియం-అయాన్ బ్యాటరీని సున్నా డిగ్రీల కింద ఛార్జ్ చేయకూడదు, ఆనోడ్ మీద లోహపు లిథియం పేరుకుంటుంది. చలి ప్రదేశాల్లో సోలార్ సెన్సర్లు ఒకే శీతకాలంలో చచ్చిపోవడానికి ఇదొక పెద్ద కారణం. అక్కడ లిథియం టైటనేట్ సెల్ చూడండి.

కెపాసిటర్ ఎంత పెద్దదైతే అంత మంచిదే కదా?

కాదు. పది ఫారడ్ల కెపాసిటర్‌ను ఖాళీ స్థితి నుంచి 2 వోల్టులకు తేవాలంటే 20 జౌళ్ళు కావాలి. 50 మైక్రోవాట్ల రాబడితో అది నాలుగున్నర రోజులు. అంతదాకా పరికరం కళ్ళే తెరవదు, కొన్నవారు పాడైపోయిందనుకుని తిప్పి పంపుతారు. చిన్న కెపాసిటర్ ముందు నిండి పరికరాన్ని లేపేలా, మిగులు మాత్రమే పెద్దదానిలోకి వెళ్ళేలా అమర్చుకోవడం మేలు.

సందేశం పంపే క్షణంలోనే వోల్టేజీ పడిపోయి రీసెట్ అవుతోంది. ఎందుకు?

దాచిన శక్తి ఉంది, కాని అది బయటికి వచ్చే దారి ఇరుకు. బిళ్ళ ఆకారపు సూపర్ కెపాసిటర్ల లోపలి నిరోధం 30 ఓములు, అంతకన్నా ఎక్కువే ఉండవచ్చు. 40 మిల్లీఆంపియర్లు లాగితే 1.2 వోల్టులు అక్కడే పోతాయి. పాతబడిన, చల్లబడిన బటన్ సెల్ కూడా ఇలాగే చేస్తుంది. బ్లూటూత్ లాంటి క్షణకాలపు ప్రసారానికి పక్కన 100 మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెడితే చాలు. లోరాకు అది ఆనదు. అక్కడ లోపలి నిరోధం తక్కువున్న రకాన్నే ఎంచుకోవాలి.

## సర్క్యూట్ దగ్గర

సోలార్ సెల్‌ను డయోడ్ పెట్టి నేరుగా కెపాసిటర్‌కు కలిపితే తప్పా?

తప్పేమీ కాదు. సెల్ పనిచేసే వోల్టేజీ, కెపాసిటర్ వోల్టేజీ దగ్గరదగ్గరగా ఉంటే ఇంతకన్నా నమ్మకమైన సర్క్యూట్ లేదు. ఎండలో కెపాసిటర్ హద్దు దాటకుండా ఆపే ఏర్పాటు ఒక్కటీ మరవకండి.

రెండు వోల్టేజీలకు పొంతన లేనప్పుడు, లేదా వెలుతురు బాగా మారుతున్నప్పుడు గరిష్ఠ శక్తి బిందువును, అంటే సెల్ అత్యధికంగా ఇచ్చే వోల్టేజీని, వెతికే చిప్‌కు విలువ వస్తుంది. సెల్‌ను దాని ఖాళీ వోల్టేజీలో, అంటే దానికి ఏమీ కలపనప్పటి వోల్టేజీలో, సుమారు 80 శాతం దగ్గర పట్టి ఉంచితే దాదాపు గరిష్ఠం దక్కుతుంది, వేడితో నడిచే థర్మోఎలక్ట్రిక్ మాడ్యూల్‌కైతే 50 శాతం. బీక్యూ25570 లాంటి చిప్ ప్రతి 16 సెకన్లకొకసారి క్షణకాలం సెల్‌ను వదిలిపెట్టి ఖాళీ వోల్టేజీ చూసుకుంటుంది. తన సొంత వాడకం అర మైక్రోఆంపియర్ లోపే. అయితే సెల్ ఇచ్చేదే రెండు మూడు మైక్రోవాట్లయితే ఆ అర మైక్రోఆంపియర్ కూడా బరువే.

కోల్డ్ స్టార్ట్ అంటే ఏమిటి? నాకెందుకు?

నిల్వ పూర్తిగా ఖాళీ అయినప్పుడు కన్వర్టర్‌కు కూడా శక్తి ఉండదు. నడుస్తుండగా 100 మిల్లీవోల్టుల నుంచి కూడా పిండుకోగల చిప్‌కు, సున్నా నుంచి లేవడానికి 600 మిల్లీవోల్టులు కావాలి. పైగా ఆ దశలో సామర్థ్యం చాలా తక్కువ. సెలవుల్లో దీపాలు ఆర్పేసిన గదిలో సెన్సర్ ఒకసారి చచ్చిపోతే, మామూలు రోజుల్లో హాయిగా నడిపిన వెలుతురే దాన్ని మళ్ళీ లేపలేకపోవచ్చు. బల్ల మీద పరీక్షించేటప్పుడు ఎప్పుడూ కెపాసిటర్‌ను షార్ట్ చేసి, సున్నా నుంచి, నిజమైన మసక వెలుతురులో మొదలుపెట్టి చూడండి.

పరికరం ఆన్ అవుతుంది, వెంటనే ఆగుతుంది, మళ్ళీ ఆన్ అవుతుంది. ఏం చేయాలి?

ఆన్ అయ్యే వోల్టేజీకి, ఆఫ్ అయ్యే వోల్టేజీకి మధ్య ఎడం పెట్టండి. ఉదాహరణకు 3.0 దగ్గర ఆన్, 2.2 దగ్గర ఆఫ్. రెండూ ఒకచోటే ఉంటే, లేచినప్పటి ఖర్చుకే వోల్టేజీ హద్దు కిందికి జారి, ఎప్పటికీ ముందుకు కదలదు.

## నిద్ర, ప్రోగ్రాము, రేడియో

డేటాషీట్‌లో ఒక మైక్రోఆంపియర్ అని రాశారు. నా బోర్డు 200 తింటోంది. ఎక్కడ పోతోంది?

చిప్ అబద్ధం చెప్పడం లేదు, దాని చుట్టుపక్కల చూడండి. అభివృద్ధి బోర్డు మీద వెలుగుతున్న పవర్ ఎల్ఈడీ ఒక్కటే మిల్లీఆంపియర్ తింటుంది. యూఎస్‌బీ చిప్, పాత రకం వోల్టేజీ రెగ్యులేటర్ తరువాతి అనుమానితులు. బ్యాటరీ వోల్టేజీ చూడటానికి పెట్టిన రెండు మెగాఓముల డివైడర్ 3 వోల్టుల దగ్గర ఒకటిన్నర మైక్రోఆంపియర్లు, రాత్రింబవళ్ళు. నేలకు దిగి ఉన్న పిన్ మీద, దాన్ని సరఫరా వైపు లాగే పది కిలోఓముల పుల్-అప్ నిరోధకం అయితే 300. దేనికీ కలపకుండా ఇన్‌పుట్‌గా వదిలేసిన పిన్‌లు ఎటూ తేల్చుకోలేక కరెంటు కారుస్తాయి.

వీటన్నిటికన్నా దొంగతనంగా దాక్కునేది ఇంకొకటి ఉంది. ఒకసారి నా బోర్డులో నిద్ర కరెంటు 40 మైక్రోఆంపియర్ల దగ్గర ఆగిపోయింది. సెన్సర్‌కు వెళ్ళే సరఫరాను ట్రాన్సిస్టర్‌తో పూర్తిగా కోసేశాను కదా అని మూడు రోజులు దాని జోలికే పోలేదు. చివరికి దాని సరఫరా కాలు మీద మీటర్ పెడితే 2 వోల్టులకు పైగా కనబడింది! సెన్సర్‌తో మాట్లాడే ఐ2సీ తీగల పుల్-అప్ నిరోధకాలు ఎప్పుడూ ఆన్‌లో ఉండే లైనుకు కట్టి ఉన్నాయి. కరెంటు వాటి గుండా సెన్సర్ పిన్‌లలోకి, అక్కడి రక్షణ డయోడ్ల గుండా సరఫరాలోకి దొడ్డిదారిన వెళ్తోంది. సెన్సర్ సగం మెలకువలో ఉండి తింటోంది. రెండు నిరోధకాలను కోసే లైను మీదికి మార్చగానే కరెంటు ఒకటిన్నరకు దిగింది. మీరు దేనికి సరఫరా కోసినా, దానికి వెళ్ళే ప్రతి సంకేతపు తీగనూ చూడండి.

ఏ సెన్సర్లు ఈ పనికి అసలు పనికిరావు?

లోపల వేడిచేసే తీగ ఉన్న వాయు సెన్సర్లు పదుల మిల్లీవాట్లు అడుగుతాయి, గది వెలుతురు వాటిని మోయలేదు. కెమెరాలూ అంతే. ఉష్ణోగ్రత, తేమ, పీడనం, కాంతి, అయస్కాంతపు తలుపు స్విచ్ హాయిగా ఇముడుతాయి. యాక్సిలరోమీటర్, మనిషి కదలికను పసిగట్టే సెన్సర్ కొన్ని మైక్రోఆంపియర్లతో నిరంతరం కాపలా కాయగలవు. అవి కాపలా కాస్తూ, అలికిడైనప్పుడు మాత్రమే ప్రాసెసర్‌ను లేపేలా రాయండి. ప్రాసెసరే పదే పదే లేచి అడగడం వృథా.

వైఫై వాడవచ్చా?

గది వెలుతురు మీద వద్దు. నెట్‌వర్క్‌కు కలవడానికే వంద మిల్లీఆంపియర్లకు పైన, ఒకటి రెండు సెకన్లు పడుతుంది. అంటే ఒక్కసారికే కొన్ని వందల మిల్లీజౌళ్ళు. దగ్గరి దూరానికి బ్లూటూత్ లో ఎనర్జీ లేదా జిగ్‌బీ, కిలోమీటర్లకు లోరా. ఏది వాడినా, విలువ మారినప్పుడే పంపండి. నిల్వ వోల్టేజీ చూసి వ్యవధిని మార్చండి: నిండుగా ఉంటే నిమిషానికొకసారి, అడుగంటితే గంటకొకసారి. ఉన్నప్పుడు తిని లేనప్పుడు సర్దుకునే పరికరమే ఏడాది పొడవునా బతుకుతుంది.

లెక్క మధ్యలో విద్యుత్తు పోతే ఎలా?

పోతుందనే అనుకుని రాయండి. పనిని చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్క పూర్తవగానే ఫలితాన్ని చెరగని జ్ఞాపకంలో పెట్టాలి. దీనికి ఫ్లాష్ కన్నా ఎఫ్‌రామ్ అనే రకం జ్ఞాపకం ఎంతో నయం. రాయడానికి పెద్ద వోల్టేజీ, ముందుగా చెరపడం అక్కర లేదు, త్వరగా అరిగిపోదు. రెండు ప్రతులు ఉంచుకుని, కొత్తది పూర్తిగా రాశాకే పాతది చెల్లదని గుర్తు పెట్టండి. సందేశం పంపాలంటే ముందు వోల్టేజీ చూడండి; సగంలో ఆగిన ప్రసారానికి పెట్టిన శక్తి అంతా బూడిదలో పోసినట్లే.

## కొలత, పరీక్ష

మల్టీమీటర్‌తో నిద్ర కరెంటు కొలుస్తుంటే పరికరం రీసెట్ అవుతోంది. మీటర్ పాడైందా?

లేదు. మైక్రోఆంపియర్ రేంజిలో మీటర్ తన సొంత నిరోధాన్ని వరుసలో పెడుతుంది. వంద ఓములు ఉందనుకోండి, రేడియో 10 మిల్లీఆంపియర్లు లాగిన క్షణంలో ఒక వోల్టు మీటర్‌లోనే పోతుంది. చవక మీటర్లలో ఇంకా ఘోరం. నార్డిక్ పవర్ ప్రొఫైలర్ కిట్ 2 లాంటి పరికరం, మైక్రోఆంపియర్ లోపు నుంచి ఆంపియర్ దాకా రేంజిని తానే మార్చుకుంటూ గ్రాఫు గీస్తుంది. ఈ పని తరచుగా చేసేవారు దాన్ని కొనుక్కోవాలనే అంటాను.

అది లేకపోతే ఒక కెపాసిటర్ చాలు. లీకేజీ తక్కువున్న 1,000 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌ను 3 వోల్టులకు నింపి, దాని మీదే పరికరాన్ని నిద్రపుచ్చి, వోల్టేజీ ఎంత వేగంగా పడుతోందో చూడండి. సెకనుకు ఒక మిల్లీవోల్టు పడితే ఒక మైక్రోఆంపియర్. ముందుగా పరికరం లేకుండా కెపాసిటర్ ఒక్కటే ఎంత కారుతోందో కొలిచి తీసేయండి. మీటర్‌ను చదివేటప్పుడు మాత్రమే ఆనించండి, దాని పది మెగాఓములు కూడా 0.3 మైక్రోఆంపియర్లు లాగుతాయి. బోర్డు మీద మిగిలిన ఫ్లక్స్, వేలి జిడ్డు కూడా ఈ స్థాయిలో కనబడతాయి, ఆల్కహాల్‌తో తుడిచి ఆరబెట్టి కొలవండి.

ఏడాది ఆగకుండా ముందే పరీక్షించడం ఎలా?

మూడు పరీక్షలు చేయండి. పూర్తిగా నింపి అట్టపెట్టెలో మూసి ఎన్ని రోజులు బతుకుతుందో. పూర్తిగా ఖాళీ చేసి, మీరు ఊహించిన అత్యంత మసక వెలుతురులో ఎంతసేపటికి లేస్తుందో. ఆ పైన అదే మసక వెలుతురులో రెండు వారాల్లో నిల్వ వోల్టేజీ పెరుగుతోందో తరుగుతోందో. మూడోది కొద్దిగా తరుగుతున్నా, అది చివరికి ఆగిపోయే పరికరమే.

## అమర్చాక

బ్యాటరీ లేదంటే ఎప్పటికీ పనిచేస్తుందా?

ఎప్పటికీ కాదు. సూపర్ కెపాసిటర్ ఆయువు ఉష్ణోగ్రత ప్రతి పది డిగ్రీలు పెరిగితే సుమారు సగమవుతుంది. వోల్టేజీని గరిష్ఠం కన్నా కాస్త కిందే ఉంచితే చాలా కలిసివస్తుంది. పీజో పలకలు అలసి చిట్లుతాయి. సోలార్ సెల్ మీద దుమ్ము పేరుకుంటుంది.

ఆరు నెలలు బాగా నడిచి ఆగిపోయింది. ఏం చూడాలి?

సెన్సర్‌ను విప్పే ముందు గదిని చూడండి. ఎవరో బీరువా జరిపి ఉంటారు, కిటికీకి తెర కట్టి ఉంటారు, లేదా మనిషి ఉన్నప్పుడే వెలిగే దీపాలు పెట్టి ఉంటారు. చివరిది నేను చూసిన సంగతే. కరెంటు ఆదా కోసం కొత్త దీపాలు వచ్చాక, పగలంతా వెలుతురుండే వరండాకు రోజుకు గంట వెలుతురే మిగిలింది, అక్కడి సెన్సర్లన్నీ ఒకే వారంలో మూగబోయాయి. ప్రతి సందేశంలోనూ నిల్వ వోల్టేజీని ఒక బైటుగా చేర్చి పంపి ఉంటే, పది రోజుల ముందే ఆ గీత కిందికి వంగడం కనబడేది. అప్పటి నుంచి నేను చేసే ప్రతి పరికరంలో ఆ బైటు ఉంటోంది.